ఆఁ అన్నందుకు

ఇంగ్లండు వెళ్ళకముందు కృపావతికి కోపమనేదే రాదని జగ్గయ్యపేటలో పేరు. ఆస్పత్రిలో తోటి నర్సులు వాళ్ళ డ్యూటీలు ఆమె నెత్తిన రుద్దినా, పెళ్ళిళ్ళలో చుట్టాలు ఆమెను దాటేసి అవతలి మనిషితో మాట్లాడినా, ఓ నవ్వు నవ్వి తలూపి ఊరుకునేది. మంచి పిల్ల అనేవాళ్ళు. నలభై దాటినా మంచి పిల్లే. నోరెత్తని మనిషిని మెచ్చుకోవడం మనవాళ్ళకి మహా ఇష్టం.

సెలవు పెట్టుకుని మొన్న తమ్ముడింటికి వచ్చిన మనిషి మాత్రం వేరు. వచ్చిన మర్నాడే, కూరలబండి దగ్గర పక్కింటావిడ ఎడమవైపు నుంచి ఏదో అడిగితే గిర్రున తిరిగి, "నాకా చెవి పనిచెయ్యదు. ఇటొచ్చి అడుగు" అంది. అన్నదాంట్లో తప్పేముంది? ఏమీ లేదు. కానీ చెవుడున్న ఆడమనిషి ఆ సంగతి నడివీధిలో అంత గట్టిగా చెప్పడం ఆ వీధికి కొత్త. చలిదేశం వెళ్ళి వేడి చేసి వచ్చిందని నవ్వుకున్నారు. నవ్వుకుంటే నవ్వుకోనీ. ఆ కోపం అక్కడి సరుకేం కాదు. నందిగామ పక్క పల్లెలో, నాలుగో తరగతిలో పుట్టి, ఇన్నేళ్ళూ లోపల అణిగి పడి ఉన్నదే. ఎలా పుట్టిందో, ఎలా బయటపడిందో చెబుతాను, వినండి.

మన తెలుగులో 'ఆఁ' అనేది చూడ్డానికి ఒక అక్షరమే గానీ నాలుగు మాటల పని చేస్తుంది. గొంతు పైకి లేచిందా, 'ఏమన్నావ్, మళ్ళీ చెప్పు' అని. కిందికి దిగిందా, 'సరే, అవును' అని. సాగిందా, 'నువ్వు చెప్పు, వింటున్నా' అని. విసురుగా వచ్చిందా, 'చెప్పొచ్చావులే' అని. మాటలు రాని పిల్లకు కూడా ఈ తేడా తెలుసు. తెలియాల్సింది ఇంకొకటి ఉంది. ఈ 'ఆఁ' ఎవరితో అనొచ్చు, ఎవరితో అనకూడదు అన్నది. పెద్దవాళ్ళతో 'ఆఁ' అనకూడదు, 'అండి' అనాలి. పెద్దవాళ్ళంటే వయసులో పెద్దవాళ్ళే అనుకునేవాళ్ళు ఆ పల్లెలో పుట్టి ఉండరు.

కృపావతి తండ్రి బాలస్వామి ఆ పల్లెలో పత్తి చేలకీ మిరప కోతలకీ కూలికి వెళ్ళేవాడు. ఊరి చివర పేటలో, చర్చి పక్కన ఇల్లు. కూతురు చదవాలని పట్టుబట్టి బళ్ళో వేశాడు. పిల్ల చురుకైనది, లెక్కలంటే ప్రాణం. బడికి రేకుల కప్పు. వానాకాలంలో ఒక రోజు జోరున వాన పడుతోంది. రేకుల మీద ఆ మోతకి పక్కపిల్ల మాటే వినపడటం లేదు. తిరుపతిరావు మాస్టారు కుర్చీలోంచి లేవకుండా లెక్కలు అడుగుతున్నారు. ముందు కిషోర్‌బాబుని అడిగారు. వాడికి వినపడక "ఆఁ?" అన్నాడు. మాస్టారు నవ్వి, గొంతు పెంచి మళ్ళీ చెప్పారు. తర్వాత కృపావతిని లేపి ఇంకేదో అడిగారు. ఆ పిల్లకీ వినపడలేదు. ఆ పిల్లా "ఆఁ?" అంది.

మాస్టారు లేచి దగ్గరికి వచ్చారు. "ఎవరితో మాట్లాడుతున్నావే? మీ పేటలో వాళ్ళతోనా? అండి అనడం రాదా?" అంటూనే అరచెయ్యి విసిరి ఎడమచెవి మీద ఒక్కటి ఇచ్చారు. పిల్ల బల్ల మీద పడింది. తరగతిలో కొందరు నవ్వారు. కిషోర్‌బాబు వాళ్ళకి ఊరి చుట్టూ పొలాలున్నాయి, మాస్టారికి దగ్గరి చుట్టాలు. బాలస్వామికి పొలం లేదు. ఇద్దరు పిల్లలు అన్నది ఒకటే అక్షరం, తేడా ఇదీ.

సాయంత్రానికి చెవిలో గుయ్యిమని మోత, లోపల ఒకటే సలుపు. తల్లి వెల్లుల్లి రేకలు వేసి నూనె కాచి, గోరువెచ్చగా చెవిలో పోసింది. ఏ తల్లయినా అదే చేస్తుంది. లోపల కర్ణభేరి చిరిగిందని ఆవిడకేం తెలుసు. నూనె లోపలికి దిగి చీము పట్టింది. మర్నాడు బాలస్వామి బడి దాకా వెళ్ళాడు. గుమ్మం బయటే చేతులు కట్టుకుని నిలబడి, మాస్టారు చెప్పిందంతా విని, తిరిగొచ్చి కూతురితో, "ఈసారి అండి అనమ్మా" అన్నాడు. ఆ ఒక్క ముక్క తలుచుకుంటే ఇవాళ్టికీ కృపావతికి ఒళ్ళు మండుతుంది. తండ్రి మీద కాదు ఆ మంట. ఆయన చేత ఆ మాట అనిపించినవాళ్ళ మీద.

పిల్ల 'అండి' నేర్చుకుంది, బాగానే నేర్చుకుంది. దాంతోపాటు, వినపడకపోయినా మళ్ళీ అడగకూడదని కూడా నేర్చుకుంది. అడగబోతే చాలు, గొంతు లేచేలోపే ఎడమచెయ్యి చెవి మీదికి పోయేది. దాంతో ఆమె 'ఆఁ' పైకీ లేవక, కిందికీ దిగక, మధ్యలో చప్పగా వచ్చేది. పేటలో అందరికీ అలవాటే గనక మొహం చూసి మళ్ళీ చెప్పేవాళ్ళు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి సగం మాటలు పట్టుకోవడం వచ్చింది. ఎక్కడికి వెళ్ళినా మనుషులు కుడిపక్కకు వచ్చేలా గోడవారగా కూర్చునేది. అలాగే నర్సింగ్ చదివింది, జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరింది, తమ్ముడు దేవరాజ్‌ని చదివించింది. చెవిలో చీము కారుతుందని తెలిసి రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. ఆ తర్వాత వచ్చినదాన్ని ఆమే వద్దంది. దేవుడు అలా రాశాడని చుట్టాలు ఊరడించారు. దేవుడి చేతిరాత అంత దరిద్రంగా ఉండదు.

ఆస్పత్రిలో తన చేతికింద పని నేర్చుకున్న పిల్లలంతా ఒక్కొక్కరే ఇంగ్లండు వెళ్ళిపోతుంటే, వయసు దాటిపోకముందే తనూ ప్రయత్నం చేసింది. ఇంగ్లీషు పరీక్షలో హెడ్‌ఫోన్లు ఇచ్చారు. వార్తలు చదివేవాళ్ళ మాదిరి నిదానంగా, ప్రతి మాటా ఒత్తి పలికే ఇంగ్లీషు నేరుగా కుడిచెవిలో పడింది. పాసైంది. తీరా వెళ్ళింది ఉత్తరాన, న్యూకాజిల్ దగ్గర, వృద్ధులను చూసుకునే ఒక హోముకి. వార్తలు చదివేవాళ్ళలా మాట్లాడే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు.

మొదటిరోజు డ్యూటీ దిగుతుంటే అక్కడే పనిచేసే డోరీన్ అనే ఆవిడ తలుపు దగ్గర ఎదురై, "గానిన్ యెమ్, పెట్?" అంది. అరవై దాటిన మనిషి, జుట్టుకి ఎర్రరంగు, హోమంతా వినపడే గొంతు. కృపావతికి 'ఏం' అని వినపడింది. ఈ తెల్లావిడకి తెలుగెలా వచ్చిందా అని నిలబడిపోయింది. 'పెట్' మాత్రం స్పష్టంగా వినపడి చిర్రెత్తుకొచ్చింది. పెట్ అంటే పెంపుడు కుక్క కదా. ఆవిడ అడిగింది, ఇంటికి వెళ్తున్నావా తల్లీ అని. అక్కడ 'యెమ్' అంటే ఇల్లు. బస్సు డ్రైవరు కూడా ఎక్కినవాళ్ళందర్నీ 'పెట్' అనే పిలుస్తాడు. ఇదంతా తెలియడానికి నెల పట్టింది. ఆ నెలంతా డోరీన్ పలకరించినప్పుడల్లా కృపావతి మూతి ముడుచుకునే ఉంది.

అయినా డోరీన్ వదల్లేదు. మంచాన పడ్డవాళ్ళని ఇద్దరేసి కలిసి ఎత్తాలి, పక్కకు తిప్పాలి. ఆ జత వీళ్ళిద్దరికీ పడింది. పని చక్కగా కుదిరింది. డోరీన్‌కి మాటలు కావాలి, పని చేస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉండేది. కృపావతి పెదాలు చూసి ఏరుకునేది. తెలుగు పెదాలు చదవడం వచ్చుగానీ ఆ పెదాలు సగం మాట లోపలే మింగేస్తాయి. పైగా హోములో జ్వరాలు పాకినప్పుడల్లా మాస్కులు. మాస్కు పెట్టాక చదవడానికి పెదాలే లేవు. పార్డన్ అనాలని పరీక్ష కోసం నేర్చుకుంది, కానీ కంగారులో ఆ మాట ఎవరికి గుర్తొస్తుంది? నోట్లోంచి 'ఆఁ' వచ్చేది, అదే చప్పటి 'ఆఁ'. ఆమె అడుగుతున్నది ఏమన్నారని. డోరీన్ చెవికి అది 'యా' లాగా వినపడేది. అంటే అవునని, సరేనని.

అలా తనకు తెలియకుండానే ఒక ఆదివారం డోరీన్ ఇంటికి టీకి వస్తానని ఒప్పేసుకుంది. డోరీన్ కేకు చేసి, మంచి కప్పులు బయటికి తీసి, సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చుందట. అదే వేళ కృపావతి తన గదిలో పప్పుచారు కాచుకుని, మాట్లాడే దిక్కు ఒక్కరూ లేరని ఏడుస్తూ అన్నం తింటోంది. మర్నాడు డోరీన్ ముభావంగా ఉంటే, తెల్లవాళ్ళ స్నేహం ఇంతే కాబోలనుకుంది.

అసలు ఘోరం ఆ చలికాలంలో జరిగింది. టీ గదిలో కెటిల్ మరుగుతోంది, గిన్నెలు కడిగే మిషను తిరుగుతోంది. డోరీన్ వచ్చి ఎడమపక్క కూర్చుంది. కిటికీలోకి చూస్తూ మెల్లగా ఏదో చెప్పింది. కృపావతి "ఆఁ" అంది. డోరీన్ ఇంకో మాట చెప్పింది. మళ్ళీ అడగడం కృపావతికి చేతకాలేదు. ఏదో ఒకటి అనకపోతే బాగోదని పళ్ళన్నీ కనపడేలా నవ్వి, "నైస్, నైస్" అంది. డోరీన్ కప్పు కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచే జత మార్పించుకుంది. కృపావతి వస్తే టీ గదిలో మిగతావాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. ఎందుకో ఆమెకి అంతుపట్టలేదు. చివరికి మేనేజరు పిలిచి కూర్చోబెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. డోరీన్ చెల్లెలు పోయింది. ఆ కబురు డోరీన్ హోములో అందరికంటే ముందు కృపావతికే చెప్పుకుంది.

కృపావతికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ సాయంత్రం బస్‌స్టాపులో డోరీన్ కోసం కాసుకుని నిలబడింది. డోరీన్ చూసి మొహం తిప్పుకుంది. కృపావతి ఎదురుగా వెళ్ళి, వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, ఎడమచెవి చూపించి, ఇది చచ్చిపోయింది, మీరు చెప్పింది నాకు ఒక్క ముక్క వినపడలేదు, అంది. బుద్ధెరిగాక ఆ మాట బయటి మనిషితో అనడం అదే మొదలు.

ఓదారుస్తుందనుకుంటే డోరీన్ తిట్టిపోసింది. పదిమంది చూస్తున్నారని కూడా చూడలేదు. వినపడకపోతే వినపడలేదని ఏడవడానికేం రోగం, నీ నోటికి తాళం పడిందా, ఇన్నాళ్ళూ నన్ను వెర్రిదాన్ని చేశావు కదా, అని. తిట్టి తిట్టి, ఇప్పుడు నేనొకటి అంటాను, మళ్ళీ చెప్పమని అడుగు చూద్దాం, అంది. కావాలనే గొణిగింది. కృపావతి నోరు తెరిచింది. మాట రాలేదు గానీ ఎడమచెయ్యి దానంతటదే లేచి చెవిని కప్పేసింది. డోరీన్ ఆ చేతి వైపే చూసింది. ఎవరి చెయ్యి ఎందుకు అలా లేస్తుందో, ఇన్నేళ్ళు మనుషులను ఎత్తి దించిన మనిషికి తెలుసు. ఈసారి పెదాలు బాగా కనపడేలా, నిన్నెవరు కొట్టారు, అని అడిగింది.

అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ఇంట్లోవాళ్ళు తెలుసు గనక అడగలేదు. డాక్టర్లు చుక్కల మందు రాశారు తప్ప అడగలేదు. సంబంధాలవాళ్ళు చీము ఎప్పటి నుంచి అన్నారు గానీ ఎవరి వల్ల అనలేదు. కృపావతి, టీచరు, అంది. ఎందుకు కొట్టాడని డోరీన్ అడిగింది. చెప్పడానికి 'అండి' అనే మాటకి ఇంగ్లీషు వెతికింది, దొరకలేదు. గౌరవంగా పలకలేదని, అంది. డోరీన్‌కి తలకెక్కలేదు, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. వాన పడుతోంది, వినపడలేదు, ఏంటని అడిగాను, కొట్టాడు. పరాయి భాషలో అంత పొట్టిగా చెప్పేసరికి, అందులో తన తప్పేమీ లేదని కృపావతికే మొదటిసారి తెలిసొచ్చింది. చలిలో నిలబడ్డ మనిషికి ఒళ్ళంతా చెమట పట్టింది. కోపం అక్కడ లేచి నిలబడింది.

తర్వాతంతా చకచకా జరిగింది. డోరీన్ దగ్గరుండి చెవి డాక్టరుకి చూపించింది. చిన్నప్పుడే సరిగ్గా చూసి ఉంటే చెవి నిలిచేదని, ఇప్పుడు మిషను పెట్టినా రాదని డాక్టరు చెప్పాడు. డోరీన్ కుడిపక్కకు మారింది. వెనక నుంచి పిలవడం మానేసి భుజం తట్టడం మొదలుపెట్టింది. కృపావతి 'ఆఁ' అంటే చాలు, బొటనవేలు పైకీ కిందికీ ఆడించి, ఏ 'ఆఁ' అని అడిగేది. పైకి అని కృపావతి వేలు చూపిస్తే మళ్ళీ చెప్పేది. కొన్నాళ్ళకి హోములో అందరూ నేర్చుకున్నారు. వాళ్ళ యాస కూడా, కుడిపక్కన కూర్చుని చెబితే, అంత కొరకరాని కొయ్యేమీ కాదని తేలింది. ఆదివారం టీలకు పిలుపులు వచ్చాయి, ఈసారి కృపావతి వెళ్ళింది, పులిహోర కలిపి తీసుకెళ్ళింది. వినపడలేదు, మళ్ళీ చెప్పండి, అనడం బస్సులో, బజారులో, ఎక్కడపడితే అక్కడ అలవాటు చేసుకుంది. ఎవరూ కొట్టలేదు. అడిగితే చెప్పారు.

సంతోషించాల్సిందే. కానీ ప్రతిసారీ ఆమెకి కడుపు రగిలిపోయేది. ఇంత తేలికైన పనా ఇది? ఒక మనిషి మళ్ళీ చెప్పడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం ఇవ్వని పాపానికి ఒక చెవి, ఒక పెళ్ళి, ఇన్నేళ్ళ మాటలు పోయాయి. మంచితనమని ఊరు మెచ్చుకున్నదంతా భయమే. ఆ కోపం వెంటబెట్టుకునే మొన్న జగ్గయ్యపేటలో దిగింది.

దిగిన వారానికి కిషోర్‌బాబు కారు దేవరాజ్ ఇంటి ముందు ఆగింది. కిషోర్‌బాబుకి ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు నడిపే వ్యాపారం. దేవరాజ్ ఆయన దగ్గరే సూపర్‌వైజరు.

"ఏంటి కృపా, బాగున్నావా? లండన్ ఎలా ఉంది?" అన్నాడు కిషోర్‌బాబు కుర్చీ లాక్కుంటూ. ఆయనకి ఇంగ్లండంటే లండనే. "మన తిరుపతిరావు మాస్టారికి నందిగామలో సన్మానం పెట్టుకున్నాం. పాత స్టూడెంట్సంతా వస్తున్నారు. శాలువా నీ చేత కప్పిద్దామనుకుంటున్నా. ఫారిన్ నుంచి వచ్చినదానివి, నిండుగా ఉంటది."

దేవరాజ్ గుమ్మం దగ్గర నిలబడి అక్క మొహం చూస్తున్నాడు. కృపావతి "వస్తానండి" అంది.

కారు వెళ్ళగానే దేవరాజ్ వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "నీకిష్టం లేకపోతే ఒంట్లో బాలేదని చెప్తా అక్కా."

"వెళ్తారా. వెళ్ళి అడుగుతా."

"ఏం అడుగుతావ్?"

"కొట్టారా లేదా అని. కొట్టాను అని ఆయన నోటితో ఆయన అనాలి. క్షమాపణ నాకక్కర్లేదు. ఆ ఒక్క మాట చాలు."

"ఎప్పటి సంగతో. ఇప్పుడడిగితే ఏమొస్తది?"

"చెవి రాదని నాకూ తెలుసులే" అంది కృపావతి. దేవరాజ్‌కి భయం వేసింది. ఉద్యోగం సంగతి నోటి దాకా వచ్చి మింగేశాడు. తనను చదివించిన మనిషి ముందు ఆ మాట అనడానికి అతనికి మొహం చెల్లలేదు.

సన్మానం కల్యాణమండపంలో. పెద్ద పెద్ద స్పీకర్లు, మాటకు మాట ప్రతిధ్వని. రెండు చెవులున్నవాళ్ళకే సగం అర్థం కావడం లేదు. కృపావతి స్టేజీకి కుడిచెవి పెట్టి ముందు వరసలో కూర్చుంది. ఒక్కొక్కరే ఎక్కి మాట్లాడుతున్నారు. ఒకాయన ఇంజనీరు, ఒకాయన కోర్టులో ప్లీడరు. అందరిదీ ఒకటే పాట. మాస్టారు కొట్టబట్టే మేమింతవాళ్ళమయ్యాం అని. చెప్పడం, పడీపడీ నవ్వడం. వీళ్ళు తిన్నవి అరచేతుల మీద స్కేలు దెబ్బలు. ఎర్రబడితే సాయంత్రానికి తగ్గిపోయేవి. తగ్గిపోయే దెబ్బల గురించి ఎంతైనా నవ్వుకోవచ్చు.

"మాస్టారి దెబ్బే మాకు డిగ్రీ" అన్నాడు కిషోర్‌బాబు మైకులో. హాలంతా చప్పట్లు. "ఇప్పుడు మన కృపావతి. మాస్టారి చేతిదెబ్బ తిని ఇంగ్లండు దాకా వెళ్ళింది. వచ్చి శాలువా కప్పాల్సిందిగా కోరుతున్నాం."

శాలువా అందుకుని ఆమె మెట్లెక్కింది. తిరుపతిరావు మాస్టారు పూలదండలో మునిగి కుర్చీలో కూర్చున్నారు. బాగా చిక్కిపోయారు, తెల్లటి పంచె కట్టుకున్నారు. గుర్తుపట్టినట్టు లేరు. చేతిలో మైకు పట్టుకుని, అందరికీ అన్నట్టే ఆమెకూ అన్నారు. "ఈ అమ్మాయినీ కొట్టే ఉంటాను. కొట్టబట్టే ఇంత దూరం వెళ్ళింది." హాలు నవ్వింది.

శాలువా కృపావతి చేతిలోనే ఉంది. ఎడమచెయ్యి లేవబోయింది. శాలువాని ఆ చేత్తోనే గట్టిగా పట్టుకుంది. "మాస్టారూ, నాకు వినపడలేదండి" అంది. "మళ్ళీ చెప్పండి."

మైకు ఆ మాట పట్టింది. మాస్టారు నవ్వుతూ మళ్ళీ అన్నారు. కొట్టబట్టే వెళ్ళావమ్మా అని.

"ఇంకా వినపడలేదండి. ఎడమచెవి నాకు లేదు. ఇటు తిరిగి చెప్పండి."

మాస్టారు ఇటు తిరిగారు. ఈసారి సగంలోనే గొంతు తగ్గింది. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. కిషోర్‌బాబు గబగబా వచ్చి, "కృపా, టైమవుతోంది, కప్పేసెయ్, ఫోటో తీస్తారు" అన్నాడు.

కృపావతి అతని వైపు తిరిగింది. ఆ మనిషిని జన్మలో ఎన్నడూ 'మీరు' తప్ప అనలేదు. "కిషోర్‌బాబూ, వాన పడ్డ రోజు నువ్వూ 'ఆఁ' అన్నావు. గుర్తుందా? నీకు నవ్వి మళ్ళీ చెప్పారు. నేనూ అదే అన్నా. నన్ను చెవి మీద కొట్టారు. ఆ చెవికి చీము పట్టింది. మా నాన్న మర్నాడొచ్చి బడి గుమ్మం బయట చేతులు కట్టుకు నిలబడితే, కూతురికి గౌరవం నేర్పమని చెప్పి పంపారు. మీరంతా స్కేలు దెబ్బల గురించి నవ్వుకుంటున్నారు. నా దెబ్బ చూసి నవ్వండి."

ఒక్కరూ నవ్వలేదు. ముందు వరసలో ప్లీడరు తల దించుకుని సెల్‌ఫోను చూసుకున్నాడు. కృపావతి మాస్టారి వైపు వంగింది. "చెప్పండి మాస్టారూ. కొట్టారా?"

"నాకు గుర్తు లేదమ్మా" అన్నారు ఆయన. అబద్ధం చెబుతున్నట్టు లేదు. నిజంగానే గుర్తు లేదు. ఆమె బతుకంతా మోసింది ఆయనకు ఒక పూట బడిలో జరిగిన చిల్లర పని. ఆ సంగతి అర్థమయ్యేసరికి కృపావతికి అప్పటిదాకా ఉన్న కోపం ఒక లెక్కలోది కాదనిపించింది.

"నాకు గుర్తుందండి" అంది.

"కొట్టే ఉంటాను."

"ఉంటాను అనకండి."

మాస్టారు చుట్టూ చూశారు. ఎవరైనా ఆదుకుంటారేమోనని చూసినట్టుంది. కిషోర్‌బాబు నేల చూస్తున్నాడు. స్పీకర్లు మాత్రం గుర్రుమంటున్నాయి. ఆయన దండ పక్కకు జరుపుకుని, ఆమె కుడిచెవికి దగ్గరగా వంగి, మైకు పక్కన పెట్టేసి, "కొట్టాను" అన్నారు.

కృపావతి మైకు తీసి ఆయన చేతికిచ్చింది. "ఇందులో చెప్పండి. ఆ రోజు అందరి ముందే కొట్టారు."

చాలాసేపు పట్టింది. చివరికి ఆ మాట మైకులో వచ్చింది. హాలు చివరిదాకా వెళ్ళి వెనక్కి వినపడింది. కృపావతి శాలువా మడత విప్పకుండానే కిషోర్‌బాబు చేతిలో పెట్టి మెట్లు దిగింది. కోపం చల్లారుతుందనుకుంది. చల్లారలేదు. కానీ ఇక అది ఆమె ఒక్కదాని దగ్గరే లేదు.

దేవరాజ్ వెనకే పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడ్డారు. అతని మొహం నల్లబడిపోయింది. రేపు లారీల దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో అతనికి తెలియడం లేదు. ఆఖరికి ఆపుకోలేక అనేశాడు.

"ఎనభై రెండేళ్ళ మనిషి అక్కా. అందరి ముందూ అలా నిలదియ్యకుండా ఉండాల్సింది. ఆయన వయసన్నా చూడాలిగా."

"నా వయసు తొమ్మిదేళ్ళురా అప్పుడు" అంది కృపావతి. "చూశాడా?"

 బస్సు వచ్చింది, ఎక్కారు.